సన్యాసమ్మ కన్ను, వరహాలమ్మ గుమ్మడి పాదు

అనగనగా ఒక పెరడు, ఆ పెరట్లో ఒక రాణి. రాణి అనగానే పట్టుచీర, పల్లకీ అనుకునేరు, పిల్లలూ. ఈ రాణి మీ చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. ఒళ్ళంతా ఎర్రటి పెంకు, ఆ పెంకు కింద రెక్కలు. గుమ్మడి ఆకు ఆవిడకు అన్నం, గుమ్మడి పువ్వు పరమాన్నం. గుమ్మడి పాదు మొదట్లో తడిమట్టి ఆవిడకు పురిటిల్లు. అక్కడే గుడ్లు పెడుతుంది, అక్కడే పిల్లల్ని పెంచుతుంది. పెంకు పురుగుల రాణి అన్నమాట.

ఆ పెరడు నేతగాళ్ళ పేటలో ఉంది. పేటలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ముందు అరుగులు, వెనక పెరళ్ళు. పెరటికీ పెరటికీ నడుమ మోకాలెత్తు కంచె. కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవాలి కదా, అంతకంటే ఎత్తు కంచె ఎవరూ వేసుకోలేదు.

కంచెకు ఇటు పక్క వరహాలమ్మ, అటు పక్క సన్యాసమ్మ. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

సన్యాసమ్మకు పిల్లలు లేరు. భర్త అప్పలస్వామి పొద్దున్న మగ్గం గుంటలో దిగితే పొద్దు వాలేదాకా పైకి రాడు. నోరారా మాట్లాడాలంటే ఆమె నాలుగు గడపలు తొక్కాల్సిందే. తొక్కేది కూడా. ఆమెకు ఒక గుణం ఉంది. బాగున్నదాన్ని బాగుందనేది. ఎవరు కొత్త చీర కట్టినా, ఎవరి మగ్గం మీద అంచు కుదిరినా, ఎవరి పిల్లకు జడ వచ్చినా ఆగి, చూసి, సంతోషపడి, ఒక మాట అని వెళ్ళేది. ఆ మాటలో ఏడుపు లేదు, నటన లేదు. మెచ్చుకుంటే ఆమె ముఖమే వెలిగేది.

ఇక ఆ పేటలో ఒక ఆచారం. ఏ ఇంట్లో శుభకార్యమైనా ఆ ఇంటి ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకూ వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టారంటే నువ్వు మా మనిషివి అని. భరిణె ఒక గడప ముందు ఆగకుండా వెళ్ళిపోయిందంటే, ఆ గడపలో మనుషులు ఉన్నా లేనట్టే. పిల్లల్లేని సన్యాసమ్మకు ఆ బొట్టే బలగం. సీమంతమైనా బారసాలైనా అందరికంటే ముందు వెళ్ళేది. పేటలో ఉన్న పిల్లలందరినీ ఉయ్యాలలో చూసింది ఆమె. ఆమెను ఆ పిలుపు నుంచి తప్పిస్తే ఇక ఆమెకు మిగిలేది మగ్గం చప్పుడే.

ఆ ఏడు వరహాలమ్మ గుమ్మడి గింజలు నాటింది. ఆవిడ చేతికి మొక్క బతకదని పేటంతా అనుకునేవారు. ఈసారి బతికింది. బతకడమేమిటి, పందిరి ఎక్కి, పందిరి చాలక కప్పు మీదికి పాకింది. వరహాలమ్మ కూతురు పార్వతాలు కడుపుతో ఉంది. బిడ్డ పుట్టాక బారసాలకు వియ్యాలవారు వస్తారు. వాళ్ళకు తన పెరట్లో కాసిన గుమ్మడికాయతో, బెల్లం వేసి పులుసు పెట్టాలని ఆవిడ కోరిక. చిన్న కోరికే, కాదనను.

ఒకనాటి పొద్దున్న సన్యాసమ్మ కంచె దగ్గర ఆగి పాదును చూసింది. చూసి, అలవాటు కొద్దీ, "ఎంత బాగా పాకింది వదినా! చూస్తుంటే కళ్ళు చల్లబడుతున్నాయి" అంది.

వారం తిరక్కుండా ఆకులు జల్లెడలయ్యాయి.

పిల్లలూ, రాణి ఎప్పుడు వచ్చిందో నన్నడగండి, చెబుతాను. సన్యాసమ్మ నోరు తెరవకముందే వచ్చింది. అప్పటికే పరివారంతో సహా ఆకుల కింద కాపురం పెట్టేసింది. వరహాలమ్మ ఒక్క ఆకు తిప్పి చూసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆవిడ ఆకు తిప్పలేదు. చిల్లులు చూసింది, కంచె వైపు చూసింది, ఆ మాట గుర్తు తెచ్చుకుంది. దిష్టి తగిలింది అనేసుకుంది.

మొదట ఆవిడ పందిరి గుంజకు పాత చెప్పు కట్టింది. కుండకు మసి పూసి, సున్నంతో బొట్లు పెట్టి, కోరమీసాలు దిద్ది, పాదు నడుమ కర్రకు బోర్లించింది.

పురుగులు హడలిపోయి రాణి దగ్గరకు పరిగెత్తాయి. రాణి ఎగిరి వెళ్ళి కుండ చుట్టూ తిరిగి, దాని మీసం మీద వాలి కాసేపు కూర్చుంది. తిరిగి వచ్చి, "బిడ్డలారా, భయపడకండి. ఆ కుండకు కళ్ళున్నాయి గాని చూపు లేదు. భోంచెయ్యండి" అంది.

అన్నీ భోంచేశాయి.

అటు పక్క సన్యాసమ్మ పాదు కూడా గుమ్మడే. ఆమె పాదుకూ పురుగు వచ్చింది. ఆమె తెల్లవారగానే పాత గిన్నెలో కుంకుడు నీళ్ళు పోసుకుని కూర్చునేది. మంచుకు రెక్కలు తడిసి పురుగులు ఎగరలేని వేళ అది. ఆకు తిప్పడం, పురుగును గిన్నెలోకి దులపడం, అంతే పని. వరహాలమ్మ ఆకులు చూసి ఆమెకు జాలేసింది. తెల్లవారుజామున లేచి ఆకు వెనక చూడమనీ, కావాలంటే తానే వచ్చి ఏరిపెడతాననీ కంచె మీదుగా చెప్పింది.

వరహాలమ్మ ఆ మాటకు ఊ కొట్టి లోపలికి వెళ్ళి, అరుగు మీద ఆడవాళ్ళ దగ్గర వేరేగా చెప్పింది. తెల్లవారకముందే లేచి నా పాదును చూస్తోందమ్మా, పైగా చెయ్యి కూడా వేస్తానంటోంది అని. వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇన్నాళ్ళూ ఆమె మెచ్చుకున్న చీరలు ఎక్కడెక్కడ చిరిగాయో, ఆమె ముద్దు చేసిన పిల్లలకు ఎప్పుడెప్పుడు జ్వరాలొచ్చాయో అప్పటికప్పుడు గుర్తొచ్చాయి. పిల్లలకు జ్వరాలు రాని ఊరు ఎక్కడుందో నాకు తెలియదు.

ఆ మాసంలోనే పార్వతాలు సీమంతం. వరహాలమ్మ భరిణె పట్టుకుని బయల్దేరింది. సన్యాసమ్మ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని గడపలో నిలబడింది. భరిణె ఎదురింట్లో ఆగింది, తరువాత అవతలి పక్కింట్లో ఆగింది. నడుమ ఉన్న సన్యాసమ్మ ఇంట్లో ఆగలేదు. మరిచిపోయి ఉంటుందిలే, పనుల హడావిడిలో ఉంది పాపం, అనుకుని ఆమె పొద్దు వాలేదాకా ఆ గడపలోనే ఉంది. నాకు ఈ భాగం చెప్పాలంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

పాదు తేరుకోలేదు. వరహాలమ్మ రెండో ఉపాయానికి దిగింది. సందెవేళ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు కలిపి, పాదు చుట్టూ తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ నిప్పుల్లో వేసింది. ఘాటుకు పేటంతా తుమ్మింది.

ఆ పొగకు పురుగులు కంచె దాటి సన్యాసమ్మ పాదు మీద వాలాయి. అక్కడ ఆకుల నిండా సన్నటి బూడిద. కొరికితే నోటికి బూడిద, నడిస్తే కాళ్ళకు బూడిద. అవి ఉమ్ముకుంటూ వచ్చి, ఇక బతికేదెలాగని రాణితో మొరపెట్టుకున్నాయి.

"పొగ ఎంతసేపుంటుంది?" అంది రాణి. "మన ఇల్లు మనకుంది. ఆ ఇల్లాలు మనల్ని వెతకడం లేదు. పక్కింటావిడను వెతుకుతోంది."

పొగ పోయింది. పురుగులు తిరిగి వచ్చాయి.

సన్యాసమ్మ మళ్ళీ కంచె దగ్గరకు వచ్చింది. పిలవని మనిషిగా వచ్చిందని గుర్తుంచుకోండి. పిడకల బూడిద జల్లించి, పల్చటి గుడ్డలో మూటకట్టి, ఆకుల మీద దులపమని చెప్పింది. తన పొయ్యిలో బూడిద ఇంకా ఉంది, ఇస్తానంది.

వరహాలమ్మకు కడుపు మండిపోయింది. "పచ్చటి పాదు మీద బూడిద పొయ్యమంటావా? నా కూతురు కడుపుతో ఉండగా నా పెరట్లో బూడిద చల్లమని ఏ నోటితో అన్నావే?" అంది.

వదినా అనే పిలుపు పోయిందని సన్యాసమ్మకు అర్థమైంది. బూడిద మూట చేత పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

పేటలో ఆడవాళ్ళు వచ్చి రెండు పాదులనూ చూశారు. ఇటు పాదు చీకిపోయి ఉంది. అటు పాదు నిగనిగలాడుతూ పిందె మీద పిందె వేస్తోంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి అన్నారు. ఆమె కన్ను ఆమె పాదుకు తగలదు కదా అన్నారు. ఆ పాదు ఎందుకు బాగుందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. కుంకుడు గిన్నె కంచె పక్కనే ఉంది, ఆకుల మీద బూడిద కళ్ళెదుటే ఉంది. మనసు ఒకసారి ఒకరి మీద విరిగాక కళ్ళెదుటివి కనపడవు.

ఆ తరువాత వీధి చివరి ఇంట్లో ఒక పిల్లకు అన్నప్రాశన జరిగింది. ఆ ఇంటితో వరహాలమ్మకు ఏ చుట్టరికమూ లేదు. అయినా భరిణె సన్యాసమ్మ గడప దగ్గర ఆగలేదు. ఈసారి ఆమె గడపలో నిలబడలేదు. తలుపు వెనక కూర్చుని అడుగుల చప్పుడు విన్నది. నీళ్ళకు వెళితే తల్లులు పిల్లల ముఖాల మీద కొంగు కప్పేవారు. ఆమెను చూసి చేతులు ఊపే పిల్లలు వాళ్ళు. కొంగు కింద నుంచి కూడా ఊపేవారు.

అప్పలస్వామి మగ్గం గుంటలోంచే అన్నీ విన్నాడు. మెచ్చుకుని ఏం బావుకున్నావు, ఇకనైనా నోరు మూసుకుని నేల చూసి నడవమన్నాడు. కోపంతో అనలేదు, భయంతో అన్నాడు. సన్యాసమ్మ ఆనాటి నుంచి నేల చూసి నడవడం నేర్చుకుంది.

మూడో ఉపాయం అన్నిటికంటే ఘనమైనది. వరహాలమ్మ మనుషుల్ని పెట్టి, కంచె పొడవునా తాటాకు తడిక కట్టించింది. నిలువెత్తు తడిక. ఇక ఆ కన్ను నా పాదు మీద ఎలా పడుతుందో చూస్తాననుకుంది. పొద్దుటెండ అటువైపు నుంచే వచ్చేది. తడిక కన్నుతో పాటు ఎండనూ ఆపేసింది.

ఆ రోజు రాణి తన పరివారాన్నంతా పిలిచి, ఆకు మధ్యలో నిలబడి ప్రకటించింది.

"బిడ్డలారా, ఈ పేటలో కళ్ళున్నవారు చాలామంది ఉన్నారు. మనల్ని చూసినది ఒక్కతే. ఆమెకు వాళ్ళే తడిక కట్టారు. ఇంతటి మేలు మనం అడిగినా ఎవరూ చెయ్యరు. ఇక దాక్కోనక్కర్లేదు."

ఇక అవి ఆకుల కింద నుంచి పైకి వచ్చి పట్టపగలే తిరిగాయి. మట్టిలో వాటి పిల్లలు, తెల్లటి సన్నటి పురుగులు, పాదు వేళ్ళు కొరకడం మొదలుపెట్టాయి.

సన్యాసమ్మకు తడిక అవతల ఏమీ కనపడదు. కానీ కప్పు మీదికి పాకిన తీగ మాత్రం కనపడుతుంది. ఆ తీగ నీళ్ళు పోసిన పూట కూడా వాడుతోందంటే జబ్బు వేళ్ళలో ఉందని ఆమెకు తెలుసు. చెప్పకుండా ఉండవచ్చు. ఇన్ని మాటలు పడ్డాక ఎవరైనా ఊరుకుంటారు. ఆమె ఒక రోజంతా ఊరుకుంది కూడా. మర్నాడు తడికకు నోరు ఆనించి, "వదినా, పాదు మొదట్లో మట్టి తవ్వి చూడు. పురుగు వేళ్ళలో ఉంది. కోళ్ళను వదిలితే ఏరుకు తింటాయి. ఇంకా ఆలస్యం చేస్తే పాదు దక్కదు" అంది.

సాయంత్రానికి పేటంతా ఒకటే మాట. వరహాలమ్మ ఇంటి మొదలు తవ్వమందట. పురిటికి వచ్చిన పిల్ల ఇంట్లో ఉండగా మొదలు తవ్వమందట. దారిన పోయేవాళ్ళు కూడా సన్యాసమ్మ గుమ్మం ముందు ఆగి ఉమ్మి వెళ్ళారు.

పార్వతాలుకు కొడుకు పుట్టాడు. పండులాంటి పిల్లవాడు. బారసాలకు ముహూర్తం పెట్టారు. వరహాలమ్మ రెండోసారి భరిణె తీసింది. ఈసారి ఆవిడ సన్యాసమ్మ గడప వైపు ముఖం కూడా తిప్పలేదు.

బారసాల ముందు రోజు పొద్దున్న, పులుసుకు కాయ కోద్దామని వరహాలమ్మ పెరట్లోకి వెళ్ళింది. పాదుకు మిగిలింది ఒక్క కాయ. నేల మీద ఆనుకుని, పైకి నున్నగా ఉంది. ఎత్తబోతే అడుగు భాగం మట్టిలోనే ఉండిపోయింది. కాయ నిండా తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఆవిడ కెవ్వుమని తీగ పట్టుకుంది. పట్టుకుంటే తీగ మొదలంటా ఊడి చేతికి వచ్చింది. వేళ్ళున్నచోట వేళ్ళు లేవు. గుంటలో గుప్పెళ్ళకొద్దీ పురుగులు.

పార్వతాలు బిడ్డనెత్తుకుని వెనకే వచ్చింది. గుంటలోకి చూసింది, తడిక వైపు చూసింది. "ఆవిడ తవ్వి చూడమన్నది ఇదేనా అమ్మా?" అంది.

మూడుసార్లు విన్న మాటలన్నీ అప్పుడు వరహాలమ్మకు వరసగా గుర్తొచ్చాయి. ఆకు తిప్పి చూడమంది. బూడిద చల్లమంది. మొదలు తవ్వమంది. ఆవిడ ఆ గుంట పక్కనే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులో పాదు కోసం ఎంత, సన్యాసమ్మ కోసం ఎంత అని నేను లెక్క తీయను. ఏడ్చి లేచింది, తడిక ఈడ్చి పారేసింది, భరిణె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. అది మాత్రం ఆవిడ చేసిన మంచి పనే.

సన్యాసమ్మ తలుపు తీసింది. వరహాలమ్మ జరిగిందంతా చెప్పి, క్షమించమని కాళ్ళకు వంగబోతే, ఆమె వెనక్కి జరిగింది. బొట్టు పెట్టించుకుంది. లోపలికి వెళ్ళి తన పాదుకు కాసిన గుమ్మడికాయల్లో పెద్దది తెచ్చి, పులుసుకు ఉంచమని చేతిలో పెట్టింది. అంతసేపూ కళ్ళు నేల మీదే ఉన్నాయి.

మర్నాడు ఆమె వచ్చింది. పేటలో ఆడవాళ్ళందరూ లేచి చోటిచ్చారు. సంగతి అప్పటికే అందరికీ తెలిసింది. నిన్నటిదాకా కొంగు కప్పినవాళ్ళే ఇవాళ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. పార్వతాలు తన బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఊరికే పెట్టలేదు. మనసులో ఉన్నది నోటితో అడిగింది.

"అత్తా, నువ్వు మంచి మాట అంటే నా బిడ్డకు మంచి జరుగుతుంది. వీణ్ణి చూసి ఒక మాట అను."

అందరూ ఎదురుచూశారు. సన్యాసమ్మ ఆ బిడ్డ ముఖాన్ని నెమ్మదిగా తన భుజం వైపు తిప్పింది, తనకు కనపడకుండా. ఒక చేత్తో వీపు నిమిరింది. ఆ నిమరడంలో ఎంత ప్రేమ ఉందో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలిసింది. అయినా ఆమె, "ఏముందిలే అమ్మా. అందరి పిల్లల్లాంటి పిల్లవాడే" అని బిడ్డను తల్లికి ఇచ్చేసింది.

ఆమె విస్తరి ముందు కూర్చుంది, పులుసు తిన్నది. ఎలా ఉందని ఎవరో అడిగితే తల మాత్రం ఊపింది. తాంబూలం తీసుకుని ఇంటికి వెళ్ళింది.

వరహాలమ్మ ఆ మరుసటి ఏడు తెల్లవారుజామునే లేచింది. ఆకులు తిప్పింది, బూడిద చల్లింది, మొదలు తవ్వి కోళ్ళను వదిలింది. పెంకు పురుగుల రాణి ఎర్రటి పెంకుతో సహా కుంకుడు నీళ్ళలో పడి చచ్చింది. పాదు విరగకాసింది. ఆవిడ సన్యాసమ్మను కంచె దగ్గరకు పిలిచి, చూడు వదినా, నీ వల్లే ఇదంతా, ఎలా ఉందో చెప్పు అని బతిమాలింది. సన్యాసమ్మ ఆకుల వెనక మాత్రం చూసింది. పురుగు లేదని చెప్పింది, లోపలికి వెళ్ళింది.

ఆ పేటలో ఇప్పటికీ ప్రతి శుభకార్యానికీ మొదటి బొట్టు సన్యాసమ్మకే పెడతారు, ఆమె ప్రతి శుభకార్యానికీ వెళుతుంది, కానీ ఆ తరువాత పుట్టిన పిల్లల్లో ఒక్కరి ముఖం కూడా ఆమె చూడలేదు.

నీతి ఏమిటంటే, పిల్లలూ: కీడు ఎక్కడుందో వెతికే ఓపిక లేనివాళ్ళు దాన్ని మంచి మనిషి మీద మోపుతారు; నిజం తేలాక నింద పోతుంది గాని, ఆ మనిషిలో వాళ్ళు చంపిన మంచితనపు మాట తిరిగి రాదు.